తోడికోడళ్ళ కేబుల్

అత్తగారు బట్టల మిల్లులో రంగులు కలిపే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైంది. ఏ రంగుకు ఏది ఎన్ని పాళ్ళు కలపాలో లెక్కగట్టే ప్రోగ్రాములు తనే రాసుకుని, అరచేతికన్నా కాస్త పొడవుండే పాత పాకెట్ కంప్యూటర్లో దాచుకుంది. ఇప్పుడు దాని తెర అంచుల నుంచి నల్లబడుతోంది. ప్రోగ్రాములను ఎక్కించుకునే క్యాసెట్ రికార్డరు ఎప్పుడో మూలపడింది.

"ఇది కాస్తా కన్నుమూసేలోగా ఇందులో ఉన్నవి బయటికి తీసే దారేదైనా చూడండర్రా," అంది ఒక ఆదివారం, కోడళ్ళిద్దరినీ పిలిచి.

పెద్ద కోడలు వినికిడి యంత్రాలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. బియ్యపుగింజంత భాగాన్నైనా చెయ్యి వణక్కుండా అతికిస్తుంది. అడగకముందే ఆ పని తనదే అనుకుంది. కానీ అత్తగారు ఆ కంప్యూటర్‌తో పాటు వచ్చిన పుస్తకాన్ని బీరువాలోంచి తీసి చిన్న కోడలి ఒళ్ళో పెట్టింది. చిన్న కోడలు ఆ ఇంటికొచ్చి ఏడాది కూడా నిండలేదు. బీమా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. పెళ్ళైన నాటి నుంచీ ఆ పుస్తకం దుమ్ము దులుపుతున్నది పెద్ద కోడలు. తెరిచి చూడమని ఏనాడూ ఎవరూ అనలేదు.

ఆ మంటను కడుపులోనే పెట్టుకుని, పెద్ద కోడలు పనిలోకి దిగింది. పాకెట్ కంప్యూటర్ పక్కనున్న చిన్న మూత తీస్తే పిన్నుల వరస కనబడింది. వాటికి సరిపోయే సాకెట్ దుకాణంలోని పాత సామాన్లలో దొరికింది. దానికి తీగలు అతికించి, ఆ తీగలను బొటనవేలంత యూఎస్‌బీ బోర్డుకు కలిపి, ఆ బోర్డును ల్యాప్‌టాప్‌కు పెట్టింది. అందరూ చుట్టూ చేరారు. అత్తగారు మీట నొక్కగానే ల్యాప్‌టాప్ తెర మీద బిలబిలమంటూ ఏవేవో గీతలూ చుక్కలూ వచ్చి పడ్డాయి. ఒక్క అక్షరం కూడా అర్థమయ్యేలా లేదు.

"ఇదేం భాషే? నేను రాసింది కాదే!" అంది అత్తగారు.

చిన్న కోడలు పుస్తకంలో వేలు పెట్టుకుని ముందుకు వంగింది. "అక్కా, మన బోర్డు ఒకటి అనుకునేదాన్ని ఆ కంప్యూటర్ సున్నా అనుకుంటుందేమో. అంతా తిరగేసి వస్తున్నట్టుంది. బోర్డు సెట్టింగ్‌లో తిప్పేస్తే చాలు, మళ్ళీ అతికించక్కర్లేదు."

"అదేం కాదు. తీగ ఎక్కడో వదులైంది," అంది పెద్ద కోడలు, చూడకుండానే.

మర్నాడు దుకాణం నుంచి మీటరు తెచ్చి, ఎవరూ లేనప్పుడు పరీక్షించింది. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మీటరు కూడా దాని పక్షమే చేరిపోయింది అనుకుని పళ్ళు నూరింది. సెట్టింగ్ మారిస్తే రెండు నిమిషాల పని. కానీ అది చేస్తే ఘనత ఆ పిల్లదైపోతుంది. అందుకని ఒకటిని సున్నాగా, సున్నాని ఒకటిగా తిప్పేలా మధ్యలో రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి అతికించింది.

ఈసారి ప్రోగ్రాములు వరస తరవాత వరస చక్కగా దిగాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, తను రాసిన లెక్కలు పైకి చదువుకుంటూ మురిసిపోయింది.

"తప్పెక్కడుందే?"

"తీగ వదులైంది అత్తయ్యా. బిగించాను."

చిన్న కోడలి చూపు బోర్డు మీది రెండు ట్రాన్సిస్టర్ల మీద ఆగింది. దానికి అర్థమైపోయింది. అయినా "భలే కుదిరింది అక్కా," అని ఊరుకుంది. నలుగురిలో నిలదీసి ఉంటే పెద్ద కోడలు ఎదురు తిరిగి దులిపేసేదే. నోరు మూసుకోవడంలోనూ ఆ పిల్లదే పైచేయి అయిందని పెద్ద కోడలికి అన్నం సయించలేదు.

ఆ వారమే, మిల్లులో అత్తగారితో పనిచేసిన స్నేహితురాలు తన పాకెట్ కంప్యూటర్ పట్టుకొచ్చింది. అదే కంపెనీది, కొత్త రకం. "మా పెద్ద కోడలు చిటికెలో తీసిస్తుంది," అంది అత్తగారు గర్వంగా.

కేబుల్ పెట్టి మీట నొక్కారు. మళ్ళీ అవే గీతలు, అవే చుక్కలు. ఈ రకానికి తిప్పడం అక్కర్లేదని పెద్ద కోడలికి వెంటనే తట్టింది. ఇప్పుడు ట్రాన్సిస్టర్లు ఊడబెరకాలి. అత్తగారి కంప్యూటర్ తగిలించిన ప్రతిసారీ మళ్ళీ అతికించాలి. స్నేహితురాలు మొహం చిన్నబుచ్చుకుని తన కంప్యూటర్‌ను సంచిలో పెట్టుకోబోయింది.

"ఉండండి పిన్నిగారూ," అంది పెద్ద కోడలు. మంచినీళ్ళు తాగి, వంటింటి వైపు తిరిగి పిలిచింది. "చెల్లీ, ఇలా రా. ఆ సెట్టింగ్ ఏదో అన్నావుగా, అది చూపించు."

"ఏ సెట్టింగే?" అంది అత్తగారు.

"తిరగేసి వస్తున్నాయని మొదటి రోజే చెప్పింది అత్తయ్యా. నేనే వినలేదు. తీగ వదులవడం అదీ అంతా అబద్ధం."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెద్ద కోడలు ట్రాన్సిస్టర్లు తీసేసి తీగలు నేరుగా కలిపింది. చిన్న కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఏ కంప్యూటర్‌కు ఏ సెట్టింగ్ పెట్టాలో రెండూ సిద్ధం చేసింది. స్నేహితురాలి ప్రోగ్రాములు దిగాయి. ఆవిడ ఆనందం పట్టలేక, "ఎవరు చేశారమ్మా ఇది?" అని అడిగింది.

"ఇద్దరూ," అంది అత్తగారు.

ఆ "ఇద్దరూ" అన్నమాట పెద్ద కోడలి గొంతులో చేపముల్లులా దిగింది. అయినా మింగేసింది.

ఆవిడ వెళ్ళాక చిన్న కోడలు బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "అక్కా, నాకూ అతికించడం నేర్పవా? నీ చేతులు చూస్తుంటే నాకు కుళ్ళొచ్చేస్తుంది, నిజం."

పెద్ద కోడలు ఆశ్చర్యపోయి దాని మొహంలోకి చూసింది. వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికింది. కనబడలేదు. సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి, పనికిరాని బోర్డు ఒకటి ముందు పెట్టింది. పిల్ల నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక తీగ అతికించింది. సీసం గడ్డకట్టి పక్క పిన్ను మీదికి కూడా పాకింది.

"ఎలా ఉందక్కా?"

"మొదటిసారికి బాగానే ఉందిలే," అంది పెద్ద కోడలు. అంత వికారమైన అతుకు తన జన్మలో చూడలేదు. చాలా రోజుల తరవాత ఆమె ప్రాణం హాయిగా ఉంది. "ఊఁ, అది పీకేసి మళ్ళీ పెట్టు. ఐరన్ కాస్త వాల్చి పట్టుకో."