ఇంకా కాస్త సలుపు

కుర్చీలో కూర్చుని కుడికాలు తిన్నగా చాచి పది లెక్కపెట్టాడు మీటరు రీడరు. దించాడు, మళ్ళీ చాచాడు. నొప్పి ఏ మూలైనా దాక్కుందేమోనని వేలితో నొక్కి చూసుకున్నాడు. ఎక్కడా లేదు. పొద్దున డాక్టరు కూడా ఆ మాటే అని, డ్యూటీలో చేరొచ్చని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చూస్తే దిగులేసింది.

మూడు వారాల క్రితం ఎవరింట్లోనో మీటరు చూసి దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని కాలు వేశాడు. ఇంకొకటి ఉంది. మోకాలు మెలిపడింది. "పడుకుంటే బిగుసుకుపోతుంది, ఎగిరితే వాచిపోతుంది. చదునైన చోట పూటకి కాసేపు నడవండి" అన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్లు ఊరంతా నడిచిన మనిషికి నడకే మందా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లి మాట ఎత్తే పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆ తర్వాత ఎత్తినవాళ్లు లేరు.

చదునైన చోటంటే అతనుండే అంతస్తులో వరండాయే. పన్నెండు తలుపులు. చివరిది టైలరమ్మది. అతను గోడ పట్టుకుని కుంటుతుంటే చూసి, "మిషను ముందు కూర్చుని కూర్చుని నా కాళ్లూ కొయ్యబారిపోయాయండీ. పదండి, నేనూ వస్తా" అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరూ పది చుట్లు. ఆ వరండాలో మీటర్లు చూసేదీ అతనే. పదేళ్లుగా ఆమె ఎంత కరెంటు కాల్చిందో తెలుసు గానీ, నవ్వితే దగ్గొస్తుందని ఇప్పుడే తెలిసింది.

నిన్న పదో చుట్టులో ఆమె అడిగింది. "మీ సెలవు అయిపోవచ్చిందిగా? కాలు నయమైనట్టేనా?"

"ఎక్కడండీ, ఇంకా కాస్త సలుపుతోంది" అన్నాడు. పచ్చి అబద్ధం. నయమైందంటే నడక ఆగిపోతుందని భయం. ఆమె ఇంకేదో చెప్పబోయి, అతని మోకాలి వంక చూసి ఊరుకుంది.

ఈరోజు నిజం చెప్పేద్దామని వల్లె వేస్తున్నాడు. "కాలు బాగైపోయిందండీ. అయినా సాయంత్రాలు వస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే." 'అభ్యంతరం' దగ్గర నాలుక మడతపడుతోంది. ఆ ముక్క తీసేశాడు.

ఆరింటికి ఉతికిన చొక్కా వేసుకుని, కుంటకుండా నడిచి వెళ్లాడు. ఆమె తలుపు దగ్గర అలవాటు కొద్దీ ముందు మీటరే చూశాడు. చక్రం కదలడం లేదు. కింద మెయిన్ స్విచ్ దించి ఉంది. తలుపుకున్న తాళం ఆ తర్వాత కనిపించింది.

పక్కింటావిడ బయటికొచ్చింది. "పొద్దున వాళ్ల తమ్ముడొచ్చి తీసుకెళ్లిపోయాడు అన్నయ్యగారూ. చూపు బాగా తగ్గిపోయిందిగా, ఒక్కత్తే ఎందుకని. మీ తలుపు కూడా కొట్టింది, మీరు లేరు."

"డాక్టరు దగ్గరికి వెళ్లాను" అన్నాడు. "ఏ ఊరు?"

"చెప్పింది గానీ నాకు గుర్తుండి చావలేదు. ఆగండి, మీకొకటి ఇమ్మంది. కాలు ఇంకా సలుపుతోందన్నారటగా? నిన్న మీరెళ్లాక కూర్చుని కుట్టింది."

చేతిలో పెట్టిన పొట్లం విప్పాడు.

మెత్తటి గుడ్డ మూడు మడతలేసి కుట్టిన మోకాలి పట్టీ; కట్టుకోవడానికి రెండు నాడాలు, అంచు పొడుగునా వంకర టింకరగా పోయిన కుట్లు.