వెన్నుపూసలో గీత

"నీకింకేం కావాలి? నీ పేరు మీద ఏకంగా ఒక డైనోసారే ఉంది!" ఇంటికి ఎవరొచ్చినా భర్త ఆ మాట అనకుండా ఉండడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వాలి.

పెళ్లయిన కొత్తలో పెట్టిన పేరది. మ్యూజియంలో పెద్ద పండితుడాయన. మట్టిలో దొరికిన నాలుగు వెన్నుపూసలు చూసి, ఇదొక కొత్త రకం డైనోసార్ అని తేల్చాడు. చిన్నగా, ముద్దుగా ఉందని భార్య పేరు పెట్టాడు. అత్తగారికి ఇప్పటికీ కడుపుమంటే. "మీ మామగారు బతికినన్నాళ్లూ నన్ను 'ఏమేవ్' అనే పిలిచారు. నీకేమమ్మా, పెట్టి పుట్టావు!" అంటుంది. ఆ పెట్టి పుట్టిన కోడలు ఇంటిపని ముగించుకుని, మ్యూజియం వెనక గదిలో ఎముకల మీది మట్టి సూదితో గీకుతుంది. జీతం ఊసెత్తితే, "మన పనేగా!" అంటాడు.

కొత్త గాజు పెట్టెలోకి మార్చాలని నిన్న పాత ప్లాస్టర్ తీస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. పగులనుకుని ఆయన పూడ్పించింది పగులు కాదు. ఎముక పైభాగం, కిందిభాగం ఇంకా అతుక్కోని చోటు. ఎదిగే పిల్లల ఎముకల్లో ఉండే గీత అది. నాలుగింటిలోనూ ఉంది. మిగతా పోలికలన్నీ పక్క హాల్లోని పెద్ద డైనోసార్‌వే. ఇది కొత్త రకమేమీ కాదు, దాని పిల్ల.

భోజనాల దగ్గర భయపడుతూనే చెప్పింది. నిజమేనా అని ఆయన అడగలేదు.

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు. మళ్లీ ప్లాస్టర్ పూసెయ్. నా పరువు సంగతి సరే, నీ పేరు కూడా పోతుందే పిచ్చిదానా."

ఆమె కంచాలు తీస్తూ ఆలోచనలో పడింది. చెబితే ఇంట్లో ఈయనతో ఎలా వేగడం? పూసేస్తే ఆ అబద్ధం తన చేత్తో పూసినట్టే కదా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. కప్ప కోపాన్ని ఎవరు లెక్కచేశారు గనక!

పొద్దున మ్యూజియం డైరెక్టర్‌గారు వెనక గదికి వచ్చారు, వెంట భర్త. "మీ డైనోసార్ సిద్ధమేనా అమ్మా?"

భర్త చూపు ప్లాస్టర్ గిన్నె మీద పడింది. గిన్నె ఖాళీగా ఉంది. ఆమె భూతద్దం డైరెక్టర్‌గారికి అందించి, గీత చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాలాసేపు వంగి చూశారు.

"నిజమే. కానీ మీ పేరు పోతుంది కదమ్మా!"

"పోనివ్వండి సార్. అది నేను అడిగిన పేరు కాదు," అంది. "ఈ గీత కనిపెట్టింది మాత్రం నేను. నా పేరు రాయాలనుకుంటే, దీని కింద రాయండి."