వెండిరంగు కింద

స్పిరిట్ వాసన. తడి దూది. దూదికి అంటుకుని వస్తున్న వెండిరంగు.

బయట వాన... రేకుల కప్పు మీద ఒకటే మోత.

ఒక పొర ఊడింది. కింద ఇంకో పొర. సినిమా సామాను అంతే, ఓ పట్టాన ముఖం చూపించదు.

ఆమెని ఇక్కడందరూ పోలికలమ్మ అంటారు. పాత సినిమాల్లో వాడిన వస్తువులు ఈ గోదాముకి వస్తాయి. రాకెట్లు, మాయ తుపాకులు, మరమనుషుల తలకాయలు. వాటిని ఏ ముక్కలు ఏరుకొచ్చి అతికించారో చెప్పడం ఆమె పని. ఈ తుపాకీ గొట్టం సైకిల్ పంపు. ఈ మరమనిషి ముక్కు కుళాయి పిడి. ఒక్కో ముక్కకీ ఒక్కో చీటీ రాస్తుంది. చీటీలో అన్నిటికన్నా పై గడి — సినిమాల్లో చేరకముందు ఏం పని చేసేది?

ముందు వేళ్లతో తడుముతుంది. కళ్లజోడు ఆ తర్వాతే. అలా చేయమని నాన్న నేర్పాడు.

నాన్న స్టూడియోలో సామాన్ల మేస్త్రి. ఆయన కంట పడ్డాక ఏ వస్తువూ దాని బతుకు అది బతకలేదు. ఇంట్లో ఆయన బల్ల మీద ఏది పెట్టినా దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. అమ్మ టీ జల్లెడ చంద్రమండలానికి వెళ్లిపోయింది. తాతయ్య కళ్లజోడు పెట్టె జలాంతర్గామి అయి మునిగింది. "కాసేపు కదలకుండా కూర్చున్నానంటే నాకూ రంగేసి నిలబెడతాడు మీ నాన్న" అనేది అమ్మ.

సినిమా విడుదలైతే ఇంటిల్లిపాదీ మొదటి ఆటకే. కథ ఎవడిక్కావాలి? అదిగో మన తలుపు గడియ... అదిగో మన జల్లెడ... ముందు పోల్చినవాళ్లు గెలిచినట్టు.

ఒక్క సినిమా మాత్రం ఆమె చూడలేదు. ఏడేళ్లప్పుడు. ఓ వస్తువు పోగొట్టినందుకు శిక్షగా ఇంట్లో ఉంచేశారు. అమ్మ కాపలా కూర్చుంది. నాన్నా, అక్కా వెళ్లారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఆ సినిమాకి వెళ్లబుద్ధి కాలేదు.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఆ సినిమాలోదే. హీరో ఛాతీకి కట్టుకుని చంద్రుడితో మాట్లాడే పెట్టె.

దూది. స్పిరిట్. రెండో పొర.

గుండ్రటి మీట — రేడియోది. గాజు బిళ్ల — టార్చిలైటుది. నడిమధ్యన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. ముందువైపు సన్నటి చిల్లులు, వరసకి ఐదు. పక్కన పళ్లున్న చిన్న చక్రం. పైన వైరు గుచ్చే రంధ్రం.

వేళ్లు ఆగిపోయాయి.

వేళ్లకి తెలిసిపోయింది. ఆమెకి ఇంకా తెలియలేదు.

డబ్బాని ఊడదీసి వెనక్కి తిప్పింది. తుడిచింది. మళ్లీ తుడిచింది. మూడోసారికి గానీ రంగు వదల్లేదు. సూదిమొనతో గీకిన అక్షరాలు... అమ్మ చేతిరాత... అక్క పేరు.

కుర్చీ ఎక్కడుందో చేత్తో వెతుక్కుని కూలబడింది.

అక్కకి మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. పదకొండో ఏట బడివాళ్లు వినికిడి యంత్రం ఇచ్చారు. ఛాతీ మీద డబ్బా, డబ్బాలోంచి చెవికి వైరు. ఒక పిల్లకి ఒకటే. పోతే ఇంకోటి ఇవ్వరు. అక్క దానితో మొట్టమొదట విన్నది వాన. రేకుల మీద వాన. ఇదేనా, ఇదేనా అంటూ ఇల్లంతా తిరిగింది.

ఆరు నెలలు విన్నది. తర్వాత డబ్బా పోయింది.

ఆ రోజు దాన్ని మెడలో వేసుకుని ఆడింది చెల్లెలు. అంటే ఈమె. వీధిలో ఆడింది, కాలవ గట్టున ఆడింది, ఎక్కడ తీసి ఎక్కడ పెట్టిందో గుర్తులేదు. అమ్మ వీపు విమానం మోత మోగించింది. ఊరంతా వెతికారు. నాన్న మోకాళ్ల దాకా మురిక్కాలవలోకి దిగాడు. బురద చేతులతోనే కళ్లు తుడిచి, ఏడవకు తల్లీ, దొరుకుతుందిలే అన్నాడు.

దొరకలేదు. అక్క బడి అక్కడితో ఆగిపోయింది.

ఆ రోజు నుంచి అక్కకి చెవి ఈమే. ఎవరేమన్నా అక్కకి ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా, మెల్లగా మళ్లీ చెప్పింది. తలుపు కొడుతున్నారని చెప్పింది. వానొస్తోందని చెప్పింది. రెండు సంబంధాలొస్తే వద్దంది. సముద్రం పక్కన ఊళ్లో పెద్ద ఉద్యోగమొస్తే వద్దంది. అక్కని వదిలి ఎలా అనేది పైకి. లోపల ఇంకో మాట ఉండేది — పోగొట్టింది నేనేగా.

నలభై ఒక్క ఏళ్లు.

కళ్లజోడు పెట్టుకుంది. డబ్బాకి పట్టీ తగిలించే కొక్కేలు రెండుండాలి. లేవు. కోసేసి ఆకురాయితో నున్నగా అరగదీశారు. ఆకురాయి గీతలు ఎటు వాలాయో చూస్తే చాలు... ఎడమచేతివాటం. నాన్నదే.

ఆడి ఆడి తనే తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి ఉంటుంది. బల్ల మీదున్నది ఆయనకి సరుకు. చూసుకోకుండా కోసేసి ఉంటాడు, చేసే మనిషే. అలాగే అనుకుందాం.

కానీ డబ్బా అంతటా రంగు రెండు పూతలే.

పేరు మీద మూడు.

అంటే చూశాడు. చూసి, కప్పి, ఆ తర్వాత కాలవలోకి దిగాడు. ఆమె ఏడుస్తూ గట్టు మీద నిలబడి ఉంటే, లేనిదాన్ని వెతికాడు. ఆయన పోయి పన్నెండేళ్లు. ఎవర్ని నిలదీయాలి?

అయిదింటికి రోజూలాగే అక్క వచ్చింది, కుట్టుపని ముగించుకుని, ఇద్దరూ కలిసి ఇంటికెళ్లడానికి. గొడుగు మూలన పెట్టింది. బల్ల మీదకి చూసింది.

పోలికలమ్మ ముఖమెత్తింది, పెదాలు కనిపించేలా. "అక్కా... ఇది..."

అక్క ఉలిక్కిపడలేదు. ముట్టుకోను కూడా లేదు.

"దొరికిందా" అంది, ఎత్తుపల్లాలు లేని ఆ గొంతుతో.

"నీకు తెలుసా?"

"తెర మీద చూశాగా. మొదటి ఆటకే. అదిగో మనది అని నాన్నకి వేలు పెట్టి చూపించా. ఏడ్చాడు. అమ్మకి చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు."

"అమ్మకి సరే. నాన్న పోయాకైనా నాకు చెప్పొచ్చుగా అక్కా. పోగొట్టింది నేనేనని నేను..."

మాట ఆగిపోయినా అక్క ఆమె పెదాలనే చూస్తూ ఉండిపోయింది.

"చెప్తే వెళ్లిపోతావేమోనని" అంది.

కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. మధ్యలో నవ్వులాంటిదేదో కూడా వచ్చింది. పోలికలమ్మ లేచింది. అక్కకి వీపు పెట్టి, గోడకేసి తిరిగి, గట్టిగా నాలుగు మాటలు అనేసింది. అక్క ఉన్న గదిలో ఆమె అటు తిరిగి మాట్లాడటం నలభై ఒక్క ఏళ్లలో ఇదే మొదలు.

అక్కకి ఆ భుజాలు కదలడమే కనిపించింది.

"ఏమన్నావే?" అని అడిగింది అక్క.

ఆమె ఇంకా ఇటు తిరగలేదు...