కుళాయిలో పోసిన నీళ్ళు

ఎమ్మెల్యే గారి ఆఫీసు నుంచి రోజూ పొద్దున్నే ఫోన్లలోకి వార్తలొస్తాయి. ఏ ఊళ్ళో రోడ్డు వేశారు, ఎవరింట్లో పెద్దకర్మకు వెళ్ళి పరామర్శించారు, కరెంటు ఏ పూట తీస్తారు, అన్నీ అందులో ఉంటాయి. ఒకనాడు ఆ వార్తల్లో అంకారావు బొమ్మ వచ్చింది. కొత్త కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు. పక్కన ఎమ్మెల్యే గారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. కింద, పేటకు మంచినీళ్ళు వచ్చాయని రాశారు.

నీళ్ళు రాలేదు.

అంకారావుది వినగడప ఊరు దాటాక పొలాల మధ్య ఉన్న చిన్న పేట. అక్కడి బోరు నీళ్ళు ముట్టుకోవద్దని డాక్టర్లు చెప్పారు. చెప్పేసరికే ఇంటికొకరు మంచం పట్టారు. అంకారావు భార్య అక్కమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని వస్తుంది. వచ్చిన రోజు మాట్లాడదు, మర్నాడు కాస్త తిడుతుంది. తిడితే బాగున్నట్టు లెక్క.

ఆ పేటను కనిపెట్టుకుని ఉన్నది తిరువూరు మిల్లు షావుకారు సీతారామారావు గారు. మిల్లులో ఫిల్టరు పెట్టించి, తండ్రి పేరున ట్యాంకరు పంపేవారు. ట్యాంకరు వస్తోంది కదా అని మంచినీళ్ళ క్యాన్లు అమ్మే ఆటోవాడు ఆ దారి మానేశాడు. తరవాత సర్కారు పైపు వేసి, పేట మధ్యలో నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఎత్తి, దాని కింద కుళాయి బిగించారు. ప్రారంభానికి ఎమ్మెల్యే గారు వస్తానన్నారు. ముహూర్తం పెట్టారు.

తీరా ఆ రోజు పొద్దున, కల్వర్టు దగ్గర పైపు పగిలిందని కబురొచ్చింది. వారం పడుతుందన్నారు. షామియానా వేసేశారు, కొబ్బరికాయలు తెచ్చేశారు. కుళాయికి పసుపు కుంకుమ కూడా పెట్టేశారు. ఇంటికొచ్చిన మనిషికి ఖాళీ విస్తరి వేసినట్టు, పేటకొచ్చిన పెద్దమనిషి చేత ఎండు కుళాయి తిప్పిస్తామా అని ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. అరిష్టం అన్నారు. అందరూ తలో మాటా అని ఊరుకున్నాక, ఎప్పుడూ నోరు విప్పని అంకారావు విప్పాడు. ట్యాంకరు నీళ్ళున్నాయిగా, పైన ట్యాంకులో పోద్దాం అన్నాడు.

మాట్లాడని మనిషి మాటకు బరువెక్కువ. ఎవరూ కాదనలేదు. బిందెలు చేతులు మారాయి. పేటలోని కుర్రాడు దేవానందం నిచ్చెన మీద నిలబడి పోశాడు. ముహూర్తానికి కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. వయసులో పెద్దవాడని మొదటి దోసిలి అంకారావుకే ఇచ్చారు. ఆఫీసు తరఫున వార్తలు రాసే నాగేంద్ర అనే కుర్రవాడు ఫొటో తీశాడు. పోసిన సంగతి అతనికి తెలియదు, ఎమ్మెల్యే గారికీ తెలియదు.

వారం పోయింది, నెల పోయింది. పైపు అలాగే ఉంది. ట్యాంకరు మాత్రం రావడం మానేసింది. వార్త చూసి సంతోషించి, షావుకారు గారు దాన్ని ఇంకో ఊరికి మళ్ళించారని తెలిసింది.

“ఏడాదికో మాట మాట్లాడతావు. అదీ ఇట్టాంటిది,” అంది అక్కమ్మ.

అంకారావు షేర్ ఆటో ఎక్కి తిరువూరు వెళ్ళాడు. ముందు ఆఫీసుకే పోయాడు. నాగేంద్ర గుర్తుపట్టి కుర్చీ వేశాడు. మీ ఫొటోని చాలామంది చూశారు తాతా అన్నాడు. కుళాయి రావడం లేదని అంకారావు చెప్పాడు. మరి ఆ రోజు వచ్చాయిగా అన్నాడు కుర్రవాడు. అంకారావు నేల చూస్తూ ఉన్న సంగతి చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

నాగేంద్ర ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

“ఆ రోజు నా చెవిన ఒక్క మాట వేస్తే పోయేది కదా తాతా. పైపు పగిలిందని అదే రాసేవాణ్ణి. సార్ అక్కడే నిలబడి ఫోన్ కొట్టేవారు, రెండ్రోజుల్లో బాగయ్యేది. ఇప్పుడు మీ పేట పని అయిపోయిందని అందరూ పక్కన పెట్టేశారు.”

సార్‌కి తప్పకుండా చెబుతానన్నాడు నాగేంద్ర. కానీ అయిందన్న పని మళ్ళీ మొదలుపెట్టాలంటే కాగితాలన్నీ తిరిగి రావాలనీ, ఎండలు పోయేలోగా అవుతుందో లేదో చెప్పలేననీ అన్నాడు. ఈలోగా షావుకారు గారికి నిజం చెప్పుకొమ్మన్నాడు. టీ తెప్పించాడు. అంకారావు తాగలేదు.

మిల్లు దగ్గర సీతారామారావు గారు తవుడు బస్తాలు ఎత్తిస్తున్నారు. అంకారావును చూసి, కుళాయి నీళ్ళు బాగున్నాయా అని ఆయనే అడిగారు. రావడం లేదని చెబితే ఆయనకు మొదట అర్థం కాలేదు.

“మరి ఫొటోలో నువ్వు తాగింది ఏ నీళ్ళయ్యా?”

“మీ నీళ్ళేనండి.”

బస్తాలెత్తే కూలీ ఒకడు నవ్వబోయి మానుకున్నాడు. షావుకారు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. ఆయన తిడతారని అంకారావు చూశాడు. తిడితే బాగుండేది. ఆయన లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. అక్కమ్మ ఎలా ఉందని అడిగారు. చివరికి, రేపటినుంచి ట్యాంకరు మీకే పంపిస్తాను, నువ్వు ఊఁ అంటే చాలు అన్నారు.

ఇప్పుడెక్కడికి పోతోందండి అని అడిగాడు అంకారావు.

“ఎ.కొండూరు అవతలికి. మీ బావమరిది వాళ్ళ ఊరే. నీ ఫొటో పట్టుకుని అతనే వచ్చాడు. మా అక్క వాళ్ళకి కుళాయి వచ్చిందంట, వాళ్ళవి మాకిప్పించండి అన్నాడు. అతనికీ అదే జబ్బంట కదా.”

అంకారావుకు తెలియదు. అక్కమ్మకూ తెలియదు. అక్క బెంగ పెట్టుకుంటుందని దాచి ఉంటాడు. సగం సగం కుదరదా అండీ అని అడిగాడు. ఆ ఊరు ఒక దిక్కు, మీ పేట ఒక దిక్కు, ఉన్నది ఒక్క ట్యాంకరు, దానికీ మిగతా రోజులు వేరే ఊళ్ళున్నాయి, కుదరదన్నారు షావుకారు గారు. ఏదో ఒకటి చెప్పమన్నారు. అంకారావు నోట్లోంచి ఊఁ రాలేదు. ఇంట్లో అడిగి చెబుతానని లేచాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అక్కమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జరిగింది చెప్పాడు. తమ్ముడి జబ్బు సంగతి దాచాలనుకున్నాడు కానీ, అది చెప్పకుండా మిగతాది చెప్పే దారి లేదు.

ఆమె ఏడవలేదు. చీర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది.

“వాడి పిల్లలింకా చిన్నోళ్ళు. నాకేముందిలే. వద్దని చెప్పు.”

“పేటంతా ఉందిగా,” అన్నాడు అంకారావు.

“ఉంటే? వెళ్ళి వాళ్ళందర్నీ అడుగుతావా, మా తమ్ముడి నోటికాడి నీళ్ళు లాగమంటారా అని? ఏం చెబుతారు వాళ్ళు?”

అప్పుడే వాకిట్లోకి దేవానందం వచ్చాడు. అతని తల్లికి కాళ్ళు వాచి నాలుగు రోజులైంది. అంకారావు తిరువూరు వెళ్ళాడని తెలిసి కబురు కనుక్కోవడానికి వచ్చాడు. చేతిలో ఖాళీ బిందె ఉంది.

“ఏమన్నారు బాబాయ్ షావుకారు గారు? ట్యాంకరు వస్తదా?”

అంకారావు భార్య వైపు చూశాడు. ఆమె తల గోడకేసి తిప్పుకుంది.

“రాదురా,” అన్నాడు.

ఎందుకని దేవానందం అడగలేదు. పెద్దవాళ్ళ మాట అంతేలే అనుకున్నట్టున్నాడు. పిన్నిని జాగ్రత్తగా చూసుకో బాబాయ్ అని, బిందె చంకనెత్తుకుని వెళ్ళాడు. అతను పోయిన వైపు నుంచి బోరు కొట్టే చప్పుడు వినపడసాగింది. అక్కమ్మ దాహమంది. అంకారావు గ్లాసు తీసుకుని బయటికి వచ్చి, బోరు దగ్గర దేవానందం వెనకాల నిలబడ్డాడు.