తోక లేని పుట్టకొక్కులు

తప్పు తన చేతిదేనా అని నర్సవ్వ తొమ్మిదేళ్లుగా దేవుణ్ణి అడుగుతూనే ఉంది.

సూరత్ పక్కన ఉన్ అనే ఊళ్లో, మగ్గాల పనివాళ్ల గల్లీలో, ఎదురింటి వెంకటవ్వా తనూ కలిసి ఏరుకొచ్చిన పుట్టకొక్కులను వెంకటవ్వ కోసి ఇస్తే, అప్పుడు నర్సవ్వే వండింది. తన ఇంట్లో శనివారం ఒక్కపొద్దు, ఎవరూ ముట్టలేదు. గిన్నెడు కూర ఎదురింటికి పంపింది. అది తిని వెంకటవ్వ మొగుడు బక్కయ్య రెండు రోజులు వాంతులతో పడ్డాడు. వెంకటవ్వ మిగిలిన కూరను అందరి ముందూ మోరీలో పారబోసి, గిన్నెను నర్సవ్వ గడప మీద బోర్లించింది.

"నీ చేతి కూర మనుషులు తినేది కాదు" అంది.

ఆ తర్వాత నర్సవ్వ చేసిన ప్రసాదం కూడా గల్లీలో ఎవరూ తినలేదు.

కరోనా రెండో ఏడు, ఆరుద్ర కార్తె. జ్వరం నుంచి లేచిన బక్కయ్యకు నోరు చప్పబడిందని వెంకటవ్వ పల్సానా పొలాల నుంచి కొక్కులు తెచ్చి, గడప ముందు చాటలో పోసింది. నీళ్లకు వెళ్తున్న నర్సవ్వ ఆగిపోయింది. అన్నీ గొడుగులే, ఒక్కదానికీ కాడ లేదు.

"ఏంది వదినె, తోకలేవి?"

"తోకలేం జేస్కుంట? మగ్గం మీద దారాలు కత్తిరించే కత్తెర లేదా? మెడకాడికి కోస్తె మన్ను కడుగుడు తప్పుతది."

"మీ ఆయిన పడిపోయిన నాడు గూడ గిట్లనే కోసినవా?"

"ఎప్పటిసంది గిట్లనే. గిప్పుడెందుకది?"

అసలు కొక్కుకు పుట్టలోకి దిగిన పొడుగాటి తోక ఉంటుంది. విషపుదానికి తోక ఉండదు, కాడకు చేతి గాజులాంటి పట్టీ ఉంటుంది. మెడ దగ్గర కోస్తే రెండు ఆనవాళ్లూ పోతాయి. నర్సవ్వ ఒక గొడుగును తిరగేసింది. కింది రెక్కల్లో, విషపుదానికే ఉండే సన్నని ఆకుపచ్చ జీర.

మాస్కు వెనక ఆమె నోరు విప్పలేదు. నీళ్లు తెచ్చుకుని రాజన్న దేవుడి పటం ముందు కూర్చుంది. తిననీ. ఈసారి ఎవరి చేయి అంటారో చూద్దాం. నేనేమీ చేయలేదు స్వామీ అనొచ్చు. కానీ ఆయన అడిగేది అదేనా? ఆ రోజు వెంకటవ్వ కోసి ఇచ్చినవాటిని తోకలేవని అడగకుండా వండింది తనే కదా?

ఎదురింట్లో పోపు చిటపటలాడింది.

నర్సవ్వ లేచి వెళ్లి, కొంగుతో గిన్నె పట్టి, గల్లీ అంతా చూస్తుండగా మోరీలో కుమ్మరించింది.

"నీకు పిచ్చి లేసిందా?" వెంకటవ్వ అరిచింది.

నర్సవ్వ చాటలో మిగిలినదాన్ని తిరగేసి ఆకుపచ్చ జీర చూపించింది. "ఇగో, బక్కయ్య బావను పడగొట్టింది ఇదే. కోసింది నువ్వు." తర్వాత నిదానంగా, ఒక్కొక్క మాటా గల్లీకి వినిపించేలా అంది: "నీ చేతి కూర మనుషులు తినేది కాదు."

వెంకటవ్వ కత్తెర వైపు చూసింది.

నర్సవ్వ ఖాళీ గిన్నెను ఆమె గడప మీద బోర్లించింది.