రెండో చరణం

లుసుంగు బస్తా మూతి విప్పి, మోకాలు ఊతగా పెట్టి పైకెత్తి, మొక్కజొన్నలు పిండిమర తొట్టిలోకి ఒంపాడు. ఆ పొద్దుటికి అది పదకొండో బస్తా. ఎడమ తుంటిలో తెల్లవారుజామున మొదలైన నొప్పి ఇప్పుడు తొడ ఎముకలోకి దిగి, లోపల కాల్చిన కడ్డీ పెట్టి తిప్పుతున్నట్టుంది. దాన్ని ముఖం మీదికి రానివ్వలేదు. ఇరవై నాలుగేళ్ళ జీవితంలో అతను బాగా నేర్చుకున్న పని అదే.

మనిషి సన్నం. చొక్కాలోంచి భుజాల ఎముకలు పొడుచుకొస్తాయి. కళ్ళలో ఎప్పుడూ కామెర్ల పచ్చదనం. కనుబొమల మీద, చెవుల మడతల్లో, రెప్పల అంచున పిండి. బ్లాంటైర్ నగరపు కొండవాలు బస్తీ న్డిరాండేలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. 'ఊఫా' అంటారు, అంటే పిండి. ర్యాప్ పాటలకూ ఆ పేరే పెట్టుకున్నాడు. మలావీలో ఏ రేడియోలోనూ అతని పాట రాలేదు.

మర బెల్టుకు ఒకచోట అతుకుంది. తిరిగినప్పుడల్లా చక్రం మీద టక్కుమంటుంది. పనిలో చేరిన కొత్తలో ఆ టక్కు మీద మాటలు పేర్చడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు పాడించుకోకుండా కదలరు.

"ఏం ఊఫా, ఇవాళ నోరు కూడా పిండితో పూడిపోయిందా?" అంది నాఫిరి, తలమీది గంప దించుతూ. వరుసలో అందరికన్నా పెద్దావిడ.

"నోటికి సెలవమ్మా. సాయంత్రం దానికి పనుంది."

"మా గింజల దుమ్ము తాగి పెరిగిన గొంతురా అది. ముందు మాకు పాడు."

అతను నవ్వి అందుకున్నాడు.

"గింజ పడింది, గింజ నలిగింది, గింజకు పేరడిగిందెవరు?
తెల్లని ముద్ద తిన్నోళ్ళల్లో నల్లని చేతినడిగిందెవరు?"

మూడో పాదానికి ఊపిరి అందలేదు. దగ్గినట్టు నటించి బస్తా కోసం వంగాడు. ఆడవాళ్ళు నవ్వారు. నాఫిరి నవ్వలేదు.

అతనిది పుట్టుకతో వచ్చిన సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవళ్ళలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తమ్ముడు వేజి ఆ జబ్బుతోనే పదకొండో ఏట పోయాడు. దుమ్ములో ఉండొద్దు, బరువులెత్తొద్దు అన్నాడు డాక్టరు. న్డిరాండేలో అవి లేని పని ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

పది దాటాక అక్క తివొంగే వచ్చింది. బస్‌స్టాపులో బోండాలు వేసి అమ్ముతుంది ఆమె. చేతులింకా నూనెగానే ఉన్నాయి.

"అద్దంలో కళ్ళు చూసుకున్నావా? పద ఆసుపత్రికి."

"నాలుగింటికి రికార్డింగుందక్కా. అయిపోగానే వస్తా."

"పాట రేపు పాడుకోవచ్చు."

"మూడు వారాలుగా రేపే అంటున్నాం. కరెంటున్న రోజు రికార్డు చేసే కొండ్వానికి తీరదు. వాడికి తీరిన రోజు నేను మంచం దిగలేను. ఇవాళ అన్నీ కుదిరాయి."

"నీ ఒళ్ళు కుదరలేదుగా."

అతను మర హోరులో ఆమెకొక్కదానికే వినపడేలా అన్నాడు. "రెండో చరణం వేజి మీదక్కా. నువ్వూ నేనూ తప్ప వాడి పేరెత్తేవాళ్ళెవరున్నారు?"

తివొంగే తెచ్చిన నీళ్ళ సీసా బస్తాల పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆ చరణం అతను ఎక్కడా రాయలేదు. పాటలు రాసుకునే పుస్తకాన్ని పోయిన వానాకాలం ఇంటికప్పు కారి ముద్ద చేసింది. అప్పట్నుంచీ అన్నీ తలలోనే.

కొండ్వాని స్టూడియో అంటే ఫోన్లు బాగుచేసే కొట్టు వెనక ఇరుకు గది. గోడలకు పరుపు ముక్కలు అంటించాడు. మర చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చి దాన్నే తాళంగా మలిచాడు. మొదటి చరణం ఐదుసార్లు తెగింది. ఆరోసారి లుసుంగు ఎక్కడా ఆగకుండా లాగేశాడు.

"ఇదిరా," అన్నాడు కొండ్వాని, నెమ్మదిగా. "ఇదే. కానివ్వు, రెండోది."

తాళం మొదలైంది. లుసుంగు నోరు తెరిచాడు. ఛాతీలో ఎవరో తలుపు వేసినట్టయింది. గోడ పట్టుకున్నాడు. టక్కు, టక్కు మంటూ తాళం తన దారిన తాను సాగింది.

"ఆ చోటు ఖాళీగా ఉంచు," అన్నాడు చివరికి. "వచ్చి నింపుతాను."

కొండ్వాని అతన్ని వీపు మీద ఎక్కించుకుని మినీబస్సు దాకా మోశాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రక్తం ఎక్కించాలన్నారు, నిల్వ లేదన్నారు. కబురు విని నాఫిరీ, మర దగ్గరి ముగ్గురు ఆడవాళ్ళూ వచ్చి, రక్తమివ్వడానికి చేతులు పైకి మడుచుకుని బెంచీ మీద కూర్చున్నారు. నర్సు వాళ్ళ పేర్లు రాసుకుంటోంది. కిటికీ ఊచల మీద ఇంకా ఎండ ఉంది. లుసుంగు నీళ్ళడిగాడు. తివొంగే తల ఎత్తిపట్టి తాగించింది. రెండు గుక్కలు మింగాడు. మూడోది గడ్డం మీదుగా కారింది. ఆమె కొంగుతో తుడిచింది. మెడ కూడా తుడిచింది. ఆ తరవాతే చెయ్యి ఆగింది.

లుసుంగు పోయాక కొండ్వాని పాటను ఉన్నదున్నట్టుగా బయటికి వదిలాడు. ఫోన్నుంచి ఫోన్‌కి పాకి అది మినీబస్సుల్లోకి చేరింది. ఒక చరణం, ఆ తరవాత ఉత్త తాళం. మొదట్లో ఆ ఖాళీ రాగానే జనం మాటలాపి కూర్చునేవారు. ఒకరోజు మర దగ్గర ఆ ఖాళీ రాగానే నాఫిరి, కాన్పులో పోయిన కూతురి పేరు చెప్పింది. ఆమె వెనక నిలబడ్డామె తన మొగుడి పేరు చెప్పింది. ఇప్పుడు ఏ బస్సులోనైనా ఆ చోటు వస్తే ఎవరో ఒకరు ఎవరి పేరో అంటారు. తివొంగే ఎక్కిన బస్సులో రెండు పేర్లు వినిపిస్తాయి.

రికార్డింగు రోజు పాదాలు వాచి లుసుంగు విప్పేసిన బూట్లు కొండ్వాని గది గుమ్మం పక్కనే ఉన్నాయి. పాడటానికొచ్చేవాళ్ళు వాటిని కదపకుండా దాటి లోపలికెళతారు. ఎడమ బూటుకు లేసు బదులు ఎర్ర కరెంటు తీగ ముక్క కట్టి ఉంది.