వేళ్ళు దించండి

మా ఫిలాసఫీ విభాగంలో ఆవిడని అందరూ చాటుగా సణుగుడు మేడమ్ అంటారు. ఏ పని అప్పజెప్పినా "అన్నీ నా నెత్తినే రుద్దండి" అని సణుగుతారు. చివరికి ఆ పని అందరికంటే బాగా చేసేదీ ఆవిడే. ఆ సణుగుడంటే నాకు ప్రాణం.

ఆ రోజు నేను ఆవిడ గదికి వెళ్ళింది చదువు మానేస్తానని చెప్పడానికి. శుక్రవారం సెమినార్లో చెయ్యి ఎత్తీ ఎత్తీ భుజం నొప్పెట్టిందే కానీ, ఒక్కసారీ నా వంతు రాలేదు. బట్టలు కుట్టే మా అమ్మ వారం వారం ఫోన్లో "ఇవాళైనా ఏమన్నా అడిగావటే?" అంటుంది. లేదని చెప్పలేక చస్తున్నాను.

"ఇది నాలాంటివాళ్ళ చోటు కాదు మేడమ్," అన్నాను.

ఆవిడ ఓదార్చలేదు. "చెయ్యెత్తావా, వేలెత్తావా?" అని అడిగారు.

నేను వెర్రిమొహం వేశాను. అప్పుడు చెప్పారు. కొత్త ప్రశ్నకి చెయ్యి ఎత్తాలట. నడుస్తున్న ప్రశ్నకే కొసరు వెయ్యాలంటే ఒక వేలు చాలట. వేళ్ళన్నీ అయ్యాకే చేతుల వంతు. ఈలోగా టైమైపోతుంది.

"ఈ రూలు ఎక్కడుంది మేడమ్?"

"ఎక్కడా లేదు. తెలిసినవాళ్ళకి తెలుసు, అంతే. వచ్చే వారం నువ్వూ వేలెత్తు."

"నాకైతే మీరు చెప్పారు. నా తర్వాత వచ్చేవాళ్ళకి ఎవరు చెప్తారు?"

ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే ఆ సెమినార్ నడిపే చాకిరీ కూడా నా మెడకే చుట్టుకోమంటావు," అని సణిగారు. ఎవరూ ముట్టుకోని ఆ పనిని మర్నాడే అడిగి మరీ తీసుకున్నారు.

తర్వాతి శుక్రవారం ప్రసంగమూ ఆవిడదే. ఎదుటివాళ్ళు విని, సరేనంటేనే మాటిచ్చినట్టు లెక్క అన్నది ఆవిడ వాదన. అది అయ్యీ అవగానే, ఇంకా ఎవరూ ఏ ప్రశ్నా అడక్కముందే, మేం మైకు మాస్టారు అనుకునే ఆయన వేలు లేచింది. ఆయన విభాగంలో అందరికంటే సీనియరు. మైకు చేతికందిందంటే మళ్ళీ లాక్కోవాల్సిందే.

"వేళ్ళు దించండి మాస్టారూ. ఇక్కడ ఇంతవరకూ నోరు విప్పనివాళ్ళకే ఇకనుంచి మొదటి ప్రశ్న," అన్నారు మేడమ్.

మాస్టారు తన వేలిని తానే వింతగా చూసుకుని దించేశారు. నేను చెయ్యెత్తి లేచాను.

"నేను ఉయ్యాల్లో నిద్రపోతుంటే మా అమ్మ కుట్టు మిషను ఆపి, 'నువ్వెంత చదువుతానంటే అంత చదివిస్తానే' అని మాటిచ్చిందట. నేను వినలేదు, సరేననలేదు. మరి ఇన్నేళ్ళూ అమ్మ నిలబెట్టుకుంటున్నది ఏంటి మేడమ్?"

మేడమ్ తన కాగితాల వంక చూసుకుని, నా వంక చూశారు. మొహం చింకిచాటంత అయింది.

"నా కొంప ముంచావు కదమ్మా! దీనికి నా దగ్గర జవాబు లేదు. సోమవారం గదికి రా, ఇద్దరం వెతుకుదాం."

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆ మానేసే సంగతి, జవాబు దొరికాక మాట్లాడుకుందాం."

సాయంత్రం అమ్మ అడక్కముందే "అడిగానమ్మా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు సెమినార్ నడిపే చాకిరీ నా నెత్తిన పడింది. కొత్తవాళ్ళకి రూళ్ళన్నీ మొదటిరోజే చెప్పేస్తున్నాను, సణుగుతూనే. ఆ జవాబు మాత్రం మా ఇద్దరికీ ఇంకా దొరకలేదు.